కాదు కేక్కాదు: మా రాజపాళయం కుక్క కథ

కుక్క కావాలని ముందు అడిగింది మా ఆవిడ. మా ఇల్లు మద్రాసులో మాధవరం మిల్క్ కాలనీ దాటినాక ఇంకా లోపలికి పోవాలి, ఇండివిడ్యువల్ హౌస్, పక్కన రెండు ఖాళీ ప్లాట్లు, వెనక ముళ్లకంప, అప్పట్లో వీధి లైటు కూడా దాని బుద్ధి పుట్టినప్పుడే వెలిగేది. నాది ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పని, లోడింగ్ ఉన్న రోజు రాత్రి ఒంటిగంటకి గానీ ఇంటికి చేరను. 2024 ఎండాకాలంలో రెండుసార్లు బోరు మోటారు కేబుల్ కోసుకుపోయారు, రెండోసారి కోస్తా ఉంటే మా ఆవిడ కిటికీలోంచి చూసి అరిచిందంట, వాళ్లలో ఒకడు తిరిగి చూసి, మళ్లీ నింపాదిగా పని చూసుకున్నాడంట. తెల్లారి కాఫీ చేతికిస్తా "కెమెరాలు గిమెరాలు నాకొద్దు, పెద్ద కుక్క కావాలి, చూస్తేనే గుండె జారేట్టు ఉండాలి" అనింది.

నాకు అప్పటికి కుక్కల గురించి తెలిసిందల్లా నెల్లూరులో మా నాయన వాళ్లింటి ముందు పడుకునే ఊరకుక్క వరకే. మిగిలిన అన్నం వేస్తే తినేది, వెయ్యకపోతే పక్కింట్లో తినేది, టీకాలంటే ఏందో దానికీ తెలీదు మాకూ తెలీదు.

బెంగళూరులో మా బామ్మర్దికి రాట్‌వీలర్ ఉంది. "ఇంకేం ఆలోచించొద్దు బావా, రాట్‌వీలర్ తీసుకో, మనిషి వీధి మలుపు దగ్గరే ఆగిపోతాడు" అన్నాడు. ఆ సంవత్సరం మార్చిలోనే కేంద్రం వాళ్లు 23 రకాల కుక్కల్ని ప్రమాదకరం అని చెప్పి అమ్మకాలూ పెంపకం ఆపమని రాష్ట్రాలకి సర్క్యులర్ పంపారు, అందులో రాట్‌వీలర్ పేరు కూడా ఉంది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులర్ కొట్టేస్తే మా వాడు కుక్కకి పెరుగన్నంలో గుడ్డు కలిపి పార్టీ ఇచ్చాడు. సరే తీసుకుందాం అనుకుంటా ఉండగానే మే నెలలో ఇక్కడ నుంగంబాక్కం వైపు ఒక కార్పొరేషన్ పార్కులో రెండు రాట్‌వీలర్లు అయిదేళ్ల పాపని కరిచాయి. మా పాపకి అప్పుడు ఆరు. తప్పు గొలుసు లేకుండా వదిలినోళ్లదే, నాకు తెలుసు, కానీ టీవీలో అది చూసినాక మా ఇంట్లో ఆ పేరు ఎత్తే ధైర్యం నాకు లేదు, ఈ రోజుకీ లేదు.

తర్వాత ఒక నెల రోజులు నేను కుక్కల్ని చూడ్డానికి తిరిగిన తిరుగుడు పెళ్లిచూపులకి కూడా తిరగలేదు. కొళత్తూరులో ఒకాయన దగ్గర సెయింట్ బెర్నార్డ్ చూశాం. పాపం ఎ.సి. రూములో టైల్స్ మీద తివాచీలాగా పరుచుకుని పడుకోనుంది, బయటికి తెస్తే రెండే నిమిషాలు, నాలుక చేటంత వేలాడేసి మళ్లీ తలుపు దగ్గరికే. స్విట్జర్లాండ్ కొండల్లో మంచులో ఇరుక్కున్న మనుషుల్ని వెతకడానికి పెంచిన జాతిని తెచ్చి మద్రాసు ఎండలో పెట్టుకోవడం ఏందో నాకు అర్థం కాలా. గ్రేట్ డేన్ చూస్తే మతిపోయింది, ఆవుదూడంత ఉంది, కానీ ఆ జాతి సగటున బతికేది ఏడెనిమిదేళ్లే అని తెలిసినాక మా ఆవిడే వద్దంది, పాప టెన్త్‌కి వచ్చే టయానికి ఏడవాలి అని. జర్మన్ షెపర్డ్ దాదాపు ఖాయం చేసుకున్నాం, అయితే ఆ జాతిలో తుంటి కీలు సరిగ్గా కూర్చోని జబ్బు ఎక్కువ, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు చూడకుండా కొనొద్దని ఒక డాక్టరు గారు చెప్పారు. సరే అని అమ్మేవాళ్లని అడిగా. ఒకాయన పడీ పడీ నవ్వాడు. ఇంకొకాయన "కావాలంటే నీకు తీయించుకో ఎక్స్‌రే" అన్నాడు.

రాజపాళయం అనే మాట మొదట అన్నది మా ఆఫీసుకి వచ్చే లారీ ఓనర్, విరుదునగర్ వైపు మనిషి. "మీ తెలుగోళ్ల ఊరి కుక్కే ఉంటే ఫారిన్ కుక్క దేనికి" అన్నాడు. మా తెలుగోళ్ల ఊరేంటి అనుకున్నా. నిజంగానే రాజపాళయంలో రాజుల కులంవాళ్లు తెలుగువాళ్లు, విజయనగరం రోజుల్లో ఇటు వచ్చి స్థిరపడినవాళ్లు, ఇళ్లల్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు, 1949 నుంచి 52 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన కుమారస్వామి రాజా గారిది ఆ ఊరే. ఈ కుక్కని ఇంగ్లీషోళ్లు పోలిగార్ హౌండ్ అన్నారు, ఆ పోలిగార్ వేరే ఏదో కాదు, మన పాలెగాడే. అడవిపంది వేటకి, తోట కాపలాకి పెంచిన కుక్క. 2005లో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల మీద స్టాంపులు వేస్తే అందులో ఇదీ ఒకటి. పొట్టి వెంట్రుకలు, ఒంట్లో కొవ్వు ఉండదు, ఈ ఎండకి పుట్టిన ఒళ్లు, రెండడుగుల పైనే ఎత్తు. ఇన్ని చదివినాక ఇంక వేరే జాతి కంటికి ఆనలేదు. ఎంత చదివానో అంత తెలివి వచ్చిందనుకున్నా చూడండి, అక్కడే దెబ్బతిన్నా.

ఫోన్లో మాట్లాడిన పెంపకందారు నలభై రోజులకే పిల్లని ఇచ్చేస్తా రండి అన్నాడు. 2017లో వచ్చిన కుక్కల పెంపకం రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదు, తల్లి దగ్గరే ఉండనీ, ఆగుతా అన్నా. ఈ మొత్తం యవ్వారంలో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అది.

ఆగస్టులో కారేసుకుని బయల్దేరాం, తిరుచ్చి, మదురై, శ్రీవిల్లిపుత్తూరు మీదుగా 550 కిలోమీటర్ల పైనే. ఊరు దగ్గరపడేసరికి పడమటి కనుమలు నీలంగా దగ్గరికొచ్చేస్తాయి, గాలి మారిపోతుంది. పెంపకందారు తమిళాయనే, కానీ పక్కింటి అరుగు మీద కూర్చోనున్న పెద్దాయన మా మాటలు విని "తెలుగువాళ్లా" అని లేచొచ్చాడు. ఆయన తెలుగు విని మా ఆవిడ నోరు తెరుచుకుని ఉండిపోయింది, మాటలు మనవే, యాస మాత్రం పూర్తిగా అరవం. నాలుగొందల ఏళ్ల కిందట విడిపోయిన చుట్టం ఇప్పుడొచ్చి పలకరించినట్టుంది.

ఒక ఈతలో ఏడు పిల్లలు. అయిదు పాలనురగలాగా తెల్లగా, రెండింటికి చెవుల మీద బిస్కెట్ రంగు మచ్చలు. "రాజపాళయం అంటే మచ్చ ఉండకూడదు సార్, ముక్కు గులాబీ రంగులో ఉండాలి, కళ్లు బంగారం రంగులో ఉండాలి. మచ్చవి షోకి పనికిరావు, ఏడు వేలకి ఇచ్చేస్తా, ఇది పద్దెనిమిది" అని ఒకదాన్ని ఎత్తి చూపించాడు. ఒంటి మీద వెతికినా మచ్చ లేదు, ముక్కు దానిమ్మ గింజలాగా ఉంది. మా పాప చూసీ చూడగానే "కొబ్బరి" అనేసింది. అంతే, పేరు పెట్టేశాక బేరం ఏముంటుంది.

పరీక్ష చెయ్యలేదా అంటే చేశా. పెంపకందారు గిన్నె మీద గరిటెతో కొడితే ఏడూ పరిగెత్తుకొచ్చాయి, ఇది కూడా వచ్చింది. మిగతా ఆరు పిల్లలు పరిగెత్తాయి కాబట్టి ఇది పరిగెత్తిందని నాకు అప్పుడు తట్టలా. చప్పుడు వినకపోయినా పక్కది లేస్తే ఇది లేస్తుంది, గుంపులో ఉన్నంతసేపూ పట్టుకోవడం ఎవరి తరం కాదు.

తిరిగొచ్చేటప్పుడు పాప ఒళ్లో పడుకుని తిరుచ్చి టోల్‌గేట్ దగ్గర ఒకసారి, విళుప్పురం దాటినాక ఒకసారి కక్కుకుంది, శ్రీవిల్లిపుత్తూరులో కొన్న పాల్‌కోవా డబ్బా మీద కూడా. దాని గురించి ఇంతకంటే చెప్పను.

మొదటి వారం కొత్త కదా అనుకున్నాం. రెండో వారం మా ఆవిడ "వీడు పిలిస్తే పలకడు, అచ్చం మీ పోలికే" అని నవ్వింది. మూడో వారం ఎవరం నవ్వలా. వంటింటి గడప దగ్గర పడుకుని ఉంటే తల పక్కనే కుక్కర్ అయిదు విజిల్స్ వేస్తే కదలదు, అదే చెంబు జారి కింద పడితే ఉలిక్కిపడి లేస్తుంది. వినపడుతుందని నేను, లేదని ఆవిడ, రోజూ ఇదే గొడవ. ఒక రాత్రి భోజనాలయ్యాక హాల్లో వాడు వెల్లకిలా పడి నిద్రపోతా ఉంటే, టైల్స్‌కి అదురు తగలకుండా నేను సోఫా మీద మోకాళ్ల మీద నిలబడి, స్టీలు పళ్లెం గాల్లో పట్టుకుని గరిటెతో బాదా. పై మేడ మీద కాకులు లేచాయి. ఎదురింట్లో లైటు వెలిగింది. వీడి చెవి కొన కూడా అదరలా, పొట్ట మాత్రం పైకీ కిందికీ మెల్లగా ఆడతా ఉంది. అప్పుడు పాప వంగి పొట్ట మీద ఉఫ్ అని ఊదింది. లేచి తోకూపుకుంటా దాని మూతి నాకాడు.

పళ్లెం ఇంకా నా చేతిలోనే ఉంది.

తెల్లారి వేపేరి వెటర్నరీ కాలేజీకి తీసుకుపోయా. 1903లో మొదలైన కాలేజీ అది, ఆసుపత్రికి పొద్దున ఏడింటికే జనం, ఓపీ చీటీ రాయించుకుని వరండాలో మేకలు, పిల్లులు, ఒక రామచిలక, వాటి మధ్యలో మేము. చిన్న వయసు డాక్టరమ్మ, వెనక నుంచి చప్పట్లు కొట్టింది, ఈల వేసింది, తాళాలు గలగలలాడించింది, గాలి తగలకుండా అట్ట అడ్డం పెట్టి మరీ చేసింది. చివర్లో నా వైపు తిరిగి "కాదు కేక్కాదు సార్" అంది. నేను మద్రాసులో ఉండబట్టి పద్దెనిమిదేళ్లు, తమిళంలో పోట్లాడగలను, సినిమా జోకులు చెప్పగలను, అయినా ఆ క్షణంలో నా చెవికి తెలుగే వినపడింది. కాదు అంటుంది కదా, చెవుడు కాదు అంటుంది కదా అని ముఖం వెలిగిపోయింది నాకు. అరవంలో కాదు అంటే చెవి. చెవి వినపడదు అంటోంది. నా ముఖం చూసి ఆవిడ మళ్లీ ఇంగ్లీషులో చెప్పింది, రెండు చెవులూ.

ఎందుకంటే, లోపలి చెవిలో కూడా ఒంటికి రంగునిచ్చే కణాలు ఉండాలంట. మనకి అవసరం లేనట్టు కనిపిస్తాయి గానీ అవి లేకపోతే శబ్దాన్ని పట్టే సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు బతకవు. కుక్కపిల్ల చెవులు పుట్టిన రెండు వారాలకి తెరుచుకుంటాయి, ఇలా రంగు కరువైన పిల్లల్లో మూడు నాలుగు వారాలకే లోపలిది పాడైపోతుంది. డాల్మేషన్లలో కూడా ఇదే సమస్య. ఒక్క చెవే పోతే ఇంట్లో ఎంత పరీక్ష చేసినా తెలియదు, తలకి సన్నటి సూదులు పెట్టి చెవిలో టిక్ టిక్ శబ్దం వేసి మెదడు స్పందన చూసే బేయర్ అనే టెస్టులోనే తెలుస్తుంది. "మచ్చ లేనిది, తెల్లనిది, తెల్లనిది అని మీరే ఏరుకుని ఏరుకుని కొంటారు, వాళ్లు అవే పుట్టిస్తారు" అంది డాక్టరమ్మ. కోపంగా కాదు, రోజూ చెప్పే మాటలాగా. పద్దెనిమిది వేలు పోసి ఏరుకుని కొన్నది నేనే కదా, ఏం మాట్లాడతా.

పెంపకందారుకి ఫోన్ చేశా. గొడవ పెట్టుకుంటాడనుకున్నా, ఒక్క ముక్కలో "తెచ్చేయండి సార్, వేరేది ఇస్తా" అన్నాడు. మరి దీన్ని ఏం చేస్తారు అంటే "అది మేం చూసుకుంటాం" అన్నాడు. స్పీకర్లో పెట్టా కాబట్టి మా ఆవిడ వింది. ఫోన్ తీసుకుని కట్ చేసి, కొబ్బరికి రాగి జావ చల్లార్చడానికి పోయింది. దాని మీద ఇంట్లో చర్చ అదే, అంతకంటే ఏం జరగలా.

ఇంక అసలు పని మొదలైంది. చెవిటి కుక్కకి నేర్పడం కష్టం అంటారు గానీ నిజానికి మనకి నేర్పుకోవడం కష్టం, నోరు ఊరుకోదు కదా. బొటనవేలు పైకెత్తితే భేష్ అని అర్థం, వెంటనే చిన్న ముక్క ఉడికిన చికెన్ లివర్ పెట్టాలి, రెండ్రోజుల్లో బొటనవేలు చూస్తేనే తోక ఊగింది. అరచెయ్యి కిందికి దించితే కూర్చో, చెయ్యి ఛాతీకి ఆనిస్తే రా, వేలు అడ్డంగా ఊపితే వద్దు. ఇంట్లో నలుగురూ ఒకే సైగ చెయ్యాలి, మా అమ్మ నెల్లూరు నుంచి వచ్చి తన సొంత సైగలు నాలుగు కలిపేసి వారం రోజులు వాడి బుర్ర తినేసింది. "కుక్కకి కొబ్బరి అని పేరేందిరా, ఎట్టాగూ వినపడని దానికి ఏ పేరైతే ఏంది" అని ఆమె సణుగుడు వేరే. అన్నిటికంటే ముందు నేర్పాల్సింది, మనవైపు చూడటం. ఊరికే నడుస్తా నడుస్తా మన ముఖంలోకి చూసిన ప్రతిసారీ ముక్క పెట్టాలి, అలా ఒక నెల చేస్తే ప్రతి నాలుగడుగులకీ తిరిగి చూడటం దానికే అలవాటైపోతుంది. చీకట్లో పిలవాలంటే టార్చి రెండుసార్లు ఆర్పి వెలిగిస్తాం.

నిద్రలో ఉన్నప్పుడు మాత్రం జాగ్రత్త. చప్పుడు వినపడనిది కాబట్టి ఒక్కసారిగా ముట్టుకుంటే అదిరిపడి కరవొచ్చు, పెద్ద కుక్క, ఇంట్లో చిన్నపిల్ల, దీనికి మాత్రం నేను నిద్ర మానుకున్నా. రోజుకి పదిసార్లు నిద్రపోతున్నప్పుడు చెయ్యి ముందు ముక్కు దగ్గర పెట్టి, వాసన తగిలి కదిలినాక భుజం మీద మెల్లగా వేలు వేసి, కళ్లు తెరవగానే లివర్ ముక్క. ఇప్పుడు ఎవరు తట్టినా ముందు నోరు తెరుచుకుని లేస్తాడు, తిండి కోసం. గొలుసు లేకుండా గేటు దాటనివ్వం, ఖాళీ ప్లాట్లో పరిగెత్తించాలంటే ముప్ఫై అడుగుల తాడు. వెనక లారీ వస్తే దానికి తెలీదు. వేటకుక్క కదా, పిల్లి కనపడిందంటే మన ముఖం చూడమన్నా చూడదు.

తిండి విషయంలో మొదట్లో పెట్ షాపాయన కాల్షియం టానిక్ అంటగట్టాడు, పెద్ద జాతి కదా ఎముకలు బలంగా ఉండాలని. డాక్టరమ్మ చూసి సీసా పక్కన పెట్టేసింది. పెద్ద జాతి పిల్లలకి కాల్షియం ఎక్కువైతే ఎముకలు వంకర పోతాయంట, నిదానంగా పెరగాలంట, ఏడాది దాకా మెట్లెక్కి దూకడాలు కూడా తగ్గించమంది. మాది ఇంటి తిండే, పొద్దున రాగి సంగటి గుడ్డు, సాయంత్రం చికెన్ అన్నం గుమ్మడికాయ ముక్కలు, పైన కాస్త పెరుగు. ఉల్లిపాయ తగలకూడదు, అది కుక్కల్లో ఎర్ర రక్తకణాల్ని విరిచేస్తుంది, మా అమ్మకి ఈ మాట చెప్తే "సాంబారులో నాలుగు చిన్నుల్లిపాయలకే సచ్చిపోద్దా" అంది, దాంతో సాంబారు గిన్నె ఫ్రిజ్ పైకెక్కింది. ఉడికించిన ఎముకలు వెయ్యం, చీలికలై పేగులో గుచ్చుకుంటాయి. లోతైన ఛాతీ ఉన్న కుక్కలకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, గంటల్లో ప్రాణం పోతుంది, అందుకని ఒకేసారి కుండెడు పెట్టకుండా రెండు పూటలా పెట్టి తర్వాత గంటన్నర కదలనివ్వం.

ఈ ఎండకి పుట్టిన కుక్క అన్నా కదా, మే నెలలో, ఇక్కడ అగ్ని నక్షత్రం అనే నడి ఎండల రోజుల్లో ఆ మాట కూడా కొంచెం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వేడిని తట్టుకుంటాడు, ఎండని తట్టుకోలేడు. తెల్ల ఒళ్లు కదా, ముక్కు మీద తోలు ఎర్రగా కంది పొట్టు లేచింది, చెవుల లోపల గులాబీ రంగంతా చింతపండు రంగులోకి పోయింది. అప్పట్నుంచి వాకింగ్ పొద్దున అయిదున్నర లోపల, మళ్లీ చీకటి పడ్డాకే. రోడ్డు మీద మన చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి అయిదు సెకన్లు ఉంచలేకపోతే దాని కాళ్లూ ఉంచలేవు. వరండాలో తడి గోనెపట్ట, రెండు చోట్ల మట్టి తొట్లలో నీళ్లు. కుక్కకి మామూలుగానే ఒళ్లు 101 నుంచి 102న్నర ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, అది తెలియక మొదట్లో థర్మామీటర్ చూసి జ్వరం జ్వరం అని రెండుసార్లు ఇల్లంతా పీకి పందిరేశా.

అట్లా అలవాటై, నిజంగా జ్వరం వచ్చినప్పుడు తేలిగ్గా తీసుకున్నా. 2025 ఫిబ్రవరి, ఎనిమిది నెలల వయసు, రెండు రోజులు తిండి ముట్టలా. దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకుపోతే రక్తం తియ్యకుండా జ్వరం ఇంజెక్షన్ వేసి పంపాడు, మర్నాడు మళ్లీ వేశాడు, మళ్లీ డబ్బులు. మూడో రోజు పొద్దున పళ్లు తోమించే అలవాటు మీద పెదవి పైకెత్తి చూస్తే చిగుళ్లు కాగితంలాగా పాలిపోయి ఉన్నాయి, ముక్కులోంచి సన్నగా రక్తం చారిక. తెల్ల కుక్క, తెల్ల మూతి మీద ఆ ఎర్ర గీత. వేపేరికి పోయేలోపల నేను ఎన్ని సిగ్నళ్లు దాటానో నాకు తెలీదు. ప్లేట్‌లెట్లు 42 వేలు, ఉండాల్సింది రెండు లక్షల నుంచి అయిదు లక్షలు. పిడుదుల జ్వరం, ఎర్లిషియా. 28 రోజులు డాక్సీసైక్లిన్, అది కూడా ఖాళీ కడుపున వెయ్యకూడదు, అన్నంలో పెట్టి మింగించాలి, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకూడదు. మూడో రోజుకి లేచి నిలబడ్డాడు. ఆరో రోజు లివర్ కోసం బొటనవేలు వైపు చూశాడు, మా ఆవిడ అప్పుడు ఏడ్చింది, అంతకు ముందు ఏడవలా.

తర్వాత పిడుదుల మీద యుద్ధమే. అవి కుక్క మీద కంటే ఇంట్లో ఎక్కువ ఉంటాయని తెలియక ఊరికే కుక్కకే మందు పూస్తా వచ్చా. రక్తం తాగి ఉబ్బింది కిందికి రాలి, గోడ పగుళ్లలోకి ఎక్కి వేల గుడ్లు పెడుతుంది. కాంపౌండ్ గోడ బీటలన్నీ సిమెంటు పూయించా, తలుపు సందులు కూడా. రోజూ రాత్రి కాలి వేళ్ల మధ్య, చెవి మడతల్లో, తోక కింద వెతకడం పాప డ్యూటీ. తెల్లగా పుట్టినందుకు వాడికి దక్కిన లాభం ఇదొక్కటే, ఆవగింజంత పిడుదు కూడా దాక్కోలేదు.

టీకాలు, నట్టల మందు అన్నీ చార్టు ప్రకారం వేయించాం, అందరికీ తెలిసినవే. మూడు నెలలకి రేబిస్ ఇంజెక్షన్ వేయించి ఆ సర్టిఫికెట్‌తో కార్పొరేషన్ లైసెన్స్ తీసుకున్నా, అప్పుడు ఫీజు 50 రూపాయలు. వాడి మెడలో బిళ్ల మీద నా ఫోన్ నంబరు, కింద "చెవుడు, ముట్టుకోవద్దు" అని తమిళంలో.

ఇంతకీ కాపలా సంగతి. చెవిటి కుక్క కాపలా ఏం కాస్తుంది అని బామ్మర్ది ఎగతాళి. నేనూ వదిలేసుకున్నా, కేబుల్‌ని ఇనుప పైపులో వేయించా. కానీ ఏడో నెలలో ఒకటి గమనించా, మెత్తటి పరుపు కొనిపెట్టినా వాడు రాత్రి దాని మీద పడుకోడు, పోయి గేటుకి వీపు ఆనించి పడుకుంటాడు. చలికాలంలో ఇనుప గేటు చల్లగా ఉంటుంది, అయినా అక్కడే. ఒకరోజు రాత్రి లేటుగా వచ్చి బయట నుంచి గేటుని చిటికెన వేలితో తాకి చూశా, పిచ్చి సరదా. పాలెగాడి కుక్క ఒక్క గంతులో లేచి నా ముఖం ఎత్తున గేటు మీదికి వచ్చింది, వాడి గొంతు వాడికి వినపడదు కదా, అరిస్తే హద్దు ఉండదు, మామూలు కుక్క అరుపులాగా ఉండదు, బస్సు బ్రేకు వేసినట్టు ఉంటుంది. టిఫిన్ క్యారియర్ రోడ్డు మీద వదిలేసి రెండు గజాలు వెనక్కి దూకా. ఇప్పుడు 71 సెంటీమీటర్ల ఎత్తు, 29 కిలోలు. ఆ కేబుల్ వాళ్లు మళ్లీ రాలేదు, వీడి వల్లో పైపు వల్లో వాళ్లనే అడగాలి.

పోయిన దీపావళికి వీధిలో కుక్కలన్నీ కార్ల కింద దూరాయి, పక్క వీధిలో ల్యాబ్రడార్ బాత్రూములో ఇరుక్కుని బయటికి రాలేదంట. మా గేటు ముందే ఎవరో పదివేల వాలా పరిచారు. కొబ్బరి వరండాలో వెల్లకిలా నిద్ర. చివర్లో నేల అదిరినప్పుడు ఒక కన్ను తెరిచి, పైన రాకెట్ పగిలి పచ్చగా రాలతా ఉంటే కాసేపు అది చూసి, మళ్లీ మూసుకున్నాడు.

వాడిని చూసి నెల్లూరులో మా తమ్ముడు నాకూ కావాలి అన్నాడు, పొలం దగ్గరికి. ఈ మధ్యే మళ్లీ ఇద్దరం రాజపాళయం పోయాం, ఈసారి వేరే ఆయన దగ్గరికి. మచ్చ ఉంటే చెవులు గ్యారంటీ అని కాదు, అందుకే ఒక్కోదాన్నీ విడిగా వేరే గదిలో పెట్టి నిద్రపోయేదాకా కూర్చోవాలి అన్నా. ఆయన మమ్మల్ని పిచ్చోళ్లని చూసినట్టు చూశాడు గానీ ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం మూడు గంటలు పట్టింది. నేలకి తగలకుండా గోనె మీద నిలబడి జేబులోంచి తాళంచేతుల గుత్తి తీసి ఊపడం నా పని. తెల్లవి నాలుగింటిలో మూడు లేచాయి, ఒకటి లేవలా, దాన్ని చూసి మా తమ్ముడు నావైపు చూడకుండా తల తిప్పుకున్నాడు. ఆ పిల్ల చెవిటిదని ఆయనకి చెప్పా, కొనేవాళ్లకి ముందే చెప్పమన్నా, తలూపాడు. అయిదోది ఎడమ చెవి మీద అర్ధ రూపాయంత మచ్చ ఉన్నది, ఇంకా గుత్తి సగమే జేబులోంచి బయటికి వచ్చింది, గలగలమనలా కూడా, తల ఎత్తేసింది.

"అది మచ్చది సార్" అన్నాడాయన. "ఆరు వేలకి తీసుకుపోండి."